ఇద్దరు ఉండగానే రికార్డు చేయండి

మీ ఇంట్లో పిల్లలకు రాని భాష ఒకటి పెద్దవాళ్ల నోట మిగిలి ఉంటే, ఫోను తీసి అమ్మ ముందు పెట్టడం రెండో పని. మొదటి పని, ఆ భాషలో అమ్మతో సరిసమానంగా మాట్లాడగల ఇంకో మనిషిని వెతకడం. నేను అచ్చంపేట బస్టాండు దగ్గర చాలా ఏళ్లు క్యాసెట్ల దుకాణం నడిపినవాణ్ణి. భజనలు, ఒగ్గు కథలు, జాతర పాటలు, పెళ్లి సందడి రికార్డు చేసి ఇచ్చాను. ఇప్పుడు మా ఎరుకల ఇళ్లలో కుర్రు భాషను రికార్డు చేస్తున్నాను. వేరే కులాల వాళ్లు, తండాల వాళ్లు పిలిచినా వెళ్లి పద్ధతి చూపిస్తున్నాను. ఒక్కరిని కూర్చోబెడితే కథలు, పాటలు, పదాల పట్టిక దొరుకుతాయి. ఇద్దరిని కూర్చోబెడితే భాష దొరుకుతుంది.

ఒంటరిగా కూర్చున్న ముసలమ్మ ఫోనుకు కథ చెబుతుంది, అడిగితే అంకెలు లెక్కపెడుతుంది, చేతి వేళ్ల పేర్లు చెబుతుంది. కానీ ఎత్తిపొడవదు. మాట మధ్యలో అడ్డు తగలదు. "అది అట్లా జరగలేదు, నేను అక్కడే ఉన్నాను" అని గదమాయించదు. ఊకొట్టడం, నసగడం, బతిమాలడం, చాటుగా ఒకరిని వెక్కిరించడం ఇవన్నీ ఎదుట మనిషి ఉంటేనే బయటికి వస్తాయి. క్రియల రూపాలు, మర్యాద మాటలు, వావివరసల పిలుపులు కూడా అప్పుడే వాటంతట అవి పలుకుతాయి. వాటిని ప్రశ్నలు వేసి రాబట్టలేం.

కలహారి అంచున జరిగింది

దక్షిణాఫ్రికాలో నూ అనే భాష ఉంది. నార్తర్న్ కేప్ రాష్ట్రంలో, కలహారి ఎడారి అంచున బతికిన ఖొమాని సాన్ ప్రజల భాష. పేరును తెలుగులో నూ అని రాశాను గాని, అందులోని మొదటి ధ్వని మన నకారం కాదు. నాలుక కొసను పళ్ల వెనక ఆనించి చప్పరిస్తూ, గాలిని ముక్కులోంచి వదులుతూ పలికేది. జాలిపడినప్పుడు నాలుకతో చప్పరిస్తాం, ఎద్దును అదిలించేటప్పుడు దవడ పక్కనుంచి టక్కుమనిపిస్తాం, పసిపిల్లను చూసి పెదవులతో ముద్దు చప్పుడు చేస్తాం. ఆ భాషలో ఇవన్నీ మాటల్లో హల్లులుగా వస్తాయి. అలాంటి చప్పరింపు హల్లులు 45 ఉన్నాయని, మిగతా హల్లులు, అచ్చులు కలిపితే మొత్తం 114 ధ్వనులని పరిశోధకులు లెక్కకట్టారు. ప్రపంచంలో ఇన్ని ధ్వనులున్న భాషలు చాలా కొద్ది.

ఆ ప్రజల వేట నేలలో 1931లో జాతీయ పార్కు ఏర్పాటైంది. మెల్లమెల్లగా వాళ్లను బయటికి నెట్టారు. తెల్లవాళ్ల పొలాల్లో పాలేర్లుగా, ఇంటిపని మనుషులుగా చెదిరిపోయారు. పనిచ్చేవాడి భాష ఆఫ్రికాన్స్. పిల్లలకు అదే వచ్చింది. 1970ల తర్వాత నూ భాష చచ్చిపోయిందనే పండితులు అనుకున్నారు. 1990ల చివరలో ఎల్సీ వాల్‌బోయి అనే తొంభై ఏళ్లు దాటిన అవ్వ ఆ భాష మాట్లాడుతుందని తెలిసింది. భాషావేత్త నైజెల్ క్రాహాల్, ఆయనతో పనిచేసినవాళ్లు ఊరూరా వెతికితే ఇరవై మందికి పైగా పెద్దలు బయటపడ్డారు. అప్పటిదాకా వాళ్లలో చాలామంది ఎవరి ఇంట్లో వాళ్లు, ఆ భాష మాట్లాడకుండా బతికారు.

ఇరవై మందికి పైగా! ఆ సంఖ్య చదివినప్పుడు నా గుండె వేగంగా కొట్టుకుంది. ఒక్కరూ లేరనుకున్నచోట అంతమంది. తర్వాతి ఇరవై ఏళ్లలో వాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. అపింగ్టన్ పట్టణంలో ఉండే కత్రీనా ఎసౌ 1933లో పుట్టారు. ఆమె తోబుట్టువులు హానా కోపర్, గ్రీట్ సీకూయి, సైమన్ సాల్స్ కూడా ఈ భాష మాట్లాడేవాళ్లు. 2021లో సైమన్ సాల్స్ చనిపోవడంతో ధారాళంగా మాట్లాడగలిగినవారు ఆమె ఒక్కరే మిగిలారు. భాష నోట ఉంది, జవాబిచ్చే మనిషి లేరు. అందుకే ఇద్దరు ఉండగానే అంటున్నాను.

ఎక్కడో ఆఫ్రికా సంగతి పాలమూరు వాళ్లకెందుకు అని నన్ను అడిగినవాళ్లున్నారు. వనపర్తి సంస్థానాధీశుడు రాజా రామేశ్వరరావు ఆఫ్రికా నుంచి వచ్చిన సిద్దీలతో ఒక గుర్రపు దళాన్ని పెట్టుకున్నాడు. ఆ దళం తర్వాత నిజాం కొలువుకు చేరింది. హైదరాబాదులో ఏ.సి. గార్డ్స్ అని మనం పిలిచే పేట పేరు ఆ ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్‌దే. ఆ కుటుంబాల ముత్తాతలు సముద్రం దాటి తెచ్చుకున్న భాషలు ఈనాడు ఆ ఇళ్లలో వినిపించవు. ఉర్దూ, తెలుగు వినిపిస్తాయి. మన జిల్లా నేల మీద ఆఫ్రికా భాషలు ఒకసారి పలికి ఆగిపోయాయి. ఈ విషయం మనకు దూరం ఎట్లా అవుతుంది?

రెండో మనిషిని వెతకడం

"మన భాష ఇంకా ఎవరికి వచ్చు?" అని అడగకండి. "ఎవరికీ రాదు బిడ్డా, అందరూ పోయారు" అంటారు. "ఈ భాషలో నువ్వు చివరిసారి ఎవరితో కొట్లాడావు?" అని అడగండి. మా అమ్మను అట్లా అడిగితే వెంటనే చిన్నమ్మ పేరు చెప్పింది. వాళ్లిద్దరి మధ్య ఒక పందిపిల్ల గురించి తగాదా నడిచిందట. చిన్నమ్మది దేవరకొండ. ఆడపిల్లలు పెళ్లయి దూరం వెళ్లిపోవడం వల్ల ఒకే ఇంటి భాష ఊళ్లకు ఊళ్లు చెదిరిపోయి ఉంటుంది. కాబట్టి మేనత్తలను, చిన్నమ్మలను, వదినెల తల్లులను వరసగా తలచుకోండి. పెళ్లి పత్రికల కట్ట ఇంట్లో ఉంటే తీయండి, చుట్టరికాలన్నీ అందులోనే ఉంటాయి.

అంగడి రోజున వెళ్లండి. ఈత బరిగెలతో బుట్టలు, గంపలు అల్లి తెచ్చి అమ్మే పెద్దవాళ్లు సరుకు ముందు కూర్చుని తమలో తాము ఏ భాష మాట్లాడుతున్నారో వినండి. జాతరలు ఇంకా మంచివి. కురుమూర్తి, చెర్వుగట్టు, సలేశ్వరం జాతరలకు ఏడాదికి ఒకసారైనా అన్ని దిక్కుల నుంచి బంధువులు వస్తారు. అక్కడ రికార్డు చేయాలని చూడకండి, మైకుల హోరులో ఏదీ వినపడదు. మనుషులను కలిపి, ఊరి పేరు, ఫోను నంబరు రాసుకుని రండి.

ఇద్దరూ ప్రయాణం చేయలేని స్థితిలో ఉంటే ఫోనులో మాట్లాడించండి. రెండు ఇళ్లలోనూ పక్కన ఇంకో ఫోను పెట్టి అక్కడి మాటను అక్కడే రికార్డు చేయాలి. కాల్‌లోంచి వచ్చే గొంతు నలిగిపోయి ఉంటుంది, ఎదుటి గదిలో రికార్డైన గొంతు శుభ్రంగా ఉంటుంది. రెండు రికార్డుల్లోనూ వినిపించే ఒక మాటను గుర్తుగా పెట్టుకుని తర్వాత కంప్యూటర్‌లో జతచేయవచ్చు.

మాట్లాడటానికి వెనకాడితే

వెనకాడతారు. కత్రీనా ఎసౌ చిన్నప్పుడు పొలం యజమానులు తమ భాషను వికారమైన భాష అన్నారని, సిగ్గుపడి మానేశామని ఆమె చాలాసార్లు చెప్పారు. మా పెద్దలకు సిగ్గుతో పాటు భయం కూడా ఉంది. బ్రిటిష్ ప్రభుత్వం 1871లో నేరస్థ జాతుల చట్టం తెచ్చింది. ఆ జాబితాలోకి మా ఎరుకల పేరు కూడా ఎక్కించారు. 1952లో ఆ చట్టం రద్దయింది, కానీ పోలీసు కంట పడకుండా, పరాయివాడి చెవిన పడకుండా మాట్లాడాలన్న అలవాటు ఇంట్లో ఉండిపోయింది. అలాంటి భాషను ఒక యంత్రం ముందు పెట్టి మాట్లాడమంటున్నాం. వాళ్ల జంకును గౌరవించాలి.

రికార్డు ఎందుకు, ఎవరు వింటారు, ఎక్కడ ఉంటుంది అన్నది వాళ్ల భాషలోనే, వచ్చినంత మేరకు చెప్పండి. ఒప్పుకున్న మాటను కూడా రికార్డు చేయండి. వద్దన్న భాగాన్ని వాళ్ల ముందే చెరిపేయండి. సోది చెప్పే తీరు, దేవతకు సంబంధించిన మాటలు కొన్ని ఇంటి బయటికి పోకూడదని మా పెద్దవాళ్లు అంటారు. అది వాళ్ల హక్కు, వాదించకూడదు. చెరిపిన రోజే మీ మీద నమ్మకం కుదురుతుంది. ఆ తర్వాతి రికార్డులు వేరే స్థాయిలో ఉంటాయి.

గది, గాలి, ఫోను

పగలు ఏ వేళ మంచిదో ఇంటిని బట్టి ఉంటుంది. మా వైపు తెల్లవారి చాయ్ తాగిన తర్వాత, ఎండ ముదరకముందు బాగుంటుంది. భోజనం తర్వాత గొంతు బరువెక్కుతుంది, నిద్ర వస్తుంది. ఎండాకాలంలో ఫ్యాను ఆపితే వృద్ధులు తట్టుకోలేరు. కార్తీకం నుంచి శివరాత్రి దాకా ఉన్న చల్లని రోజులను దీనికి కేటాయించుకోండి.

ఫ్యాను, ఫ్రిజ్, పాత ట్యూబులైటు చోకు, గోడ గడియారం ఈ నాలుగూ చెవికి ఆనవు, రికార్డులో మాత్రం గుయ్‌మంటాయి. అన్నీ ఆపండి. కరెంటు పోయిన వేళ ఇంట్లో ఉండే నిశ్శబ్దం చాలా విలువైనది. వేపచెట్టు కింద కూర్చుంటే ఫొటో బాగుంటుంది, కాకులూ ఆకుల సడీ మాటను మింగేస్తాయి. బండలు పరిచిన గదుల్లో గొంతు గోడలకు తగిలి మోగుతుంది. నేల మీద బొంత పరచండి. ఫోనుకు ఎదురుగా, మనుషుల వెనక గోడకు గొంగడి వేలాడదీయండి. నా దుకాణంలో గోడలకు కట్టింది కూడా గొంగళ్లే.

ఫోనును ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టండి. వాట్సాప్ వాయిస్ మెసేజిలా రికార్డు చేయకండి. అది గొంతును బాగా కుదించేస్తుంది, స, శ, చ లాంటి ధ్వనుల మధ్య తేడా మసకబారుతుంది. గొంతును కుదించకుండా వేవ్ (WAV) పద్ధతిలో దాచే రికార్డింగ్ యాప్ ఒకటి వేసుకుని 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ అని ఎంచుకోండి. ఒకే ఛానల్ అయితే గంట మాటకు 500 ఎంబీ చిల్లర పడుతుంది, కాబట్టి ముందే ఫోనులో జాగా చేసుకోవాలి. చొక్కాకు తగిలించే వైరు మైకులు రెండు కొంటే చాలా మేలు. కొనలేకపోతే ఫోనును ఇద్దరి మధ్య మడిచిన తువాలు మీద పెట్టండి. స్టీలు పళ్లెం మీదా, మంచం మీదా వద్దు. నోటికి జానెడు, రెండు జానల దూరం సరిపోతుంది. గొంతు పెరిగినప్పుడు యాప్‌లో కదిలే గీతలు పైఅంచుకు తగలకుండా రికార్డింగ్ మట్టం తగ్గించుకోండి. తగిలి పగిలిన మాటను తర్వాత ఎవరూ బాగుచేయలేరు.

ఇంకో ఫోనుతో వీడియో కూడా తీయండి. ముఖం మీద కిటికీ వెలుతురు పడాలి. పెదవి ఎట్లా మూసుకుంది, నాలుక ఎక్కడ ఆనింది అన్నది కంటితో చూస్తేనే కొన్ని ధ్వనులు పట్టుబడతాయి. కట్టుడు పళ్లున్నవాళ్లను అవి పెట్టుకునే మాట్లాడమనండి.

మొదట మీ గొంతుతో తేదీ, ఊరు, ఇద్దరి పేర్లు, వాళ్ల వరస చెప్పండి. కాగితం పోయినా అది పోదు.

బటన్ నొక్కి బయటికి వెళ్లండి

మీరు గదిలో ఉంటే పెద్దవాళ్లు మర్యాద కొద్దీ మీ వైపు తిరిగి తెలుగులోకి వచ్చేస్తారు. పిల్లవాడికి అర్థం కావాలన్న ప్రేమ అది. అందుకని పని పెట్టి బయటికి రండి. ఈత బరిగెలు ముందర వేసి ఒక బుట్ట మొదలుపెట్టమనండి. లేదా చింతపండు గింజ తీయమనండి, అనుములు ఒలవమనండి. చేతులకు పని ఉంటే నోరు దానంతట అదే తెరుచుకుంటుంది. మా అమ్మ, చిన్నమ్మ బుట్ట అడుగు అల్లేటప్పుడు వరసలు తప్పాయని ఒకరినొకరు దిద్దుకున్న మాటల్లో నేను చిన్నప్పటి నుంచి వినని ఆజ్ఞార్థకాలు బోలెడు దొరికాయి. ఏ ప్రశ్న వేసినా వాటిని రాబట్టగలిగేవాణ్ణి కాదు.

పాత ఫొటోలు ఇంకో మంచి దారి. ఫొటోలో ఉన్నదెవరు, ఆ చీర ఎవరిది అని మొదలై వాదన ముదురుతుంది. ముదరనివ్వండి.

అరగంట దాటించకండి. అలసట వస్తే మాట పొట్టిగా మారుతుంది. మళ్లీ వారం తర్వాత కలవాలన్న ఉబలాటం మిగిలేటట్టు ఆపాలి.

పదాల పట్టిక కూడా కావాలి, కాదనను. శరీర భాగాలు, చుట్టరికాలు, అంకెలు, జంతువులు, వంట, వాన. కానీ దాన్ని మూడోసారో నాలుగోసారో కూర్చున్నప్పటికి పెట్టుకోండి. ప్రతి మాటనూ మూడుసార్లు, మధ్య చిన్న విరామంతో పలికించండి. అక్కడ కూడా ఇద్దరి చేతా పలికిస్తే ఒకరి పలుకుబడి తేడాలు రెండో మనిషిలో సరిచూసుకోవచ్చు.

నల్లమల వైపు వాళ్లకు ఒక ప్రత్యేక సూచన. మన్ననూరు, ఫర్హాబాదు, అప్పాపూరు దారుల్లో చెంచు పెద్దలతో నడుస్తూ వాగు పేరు, గుండం పేరు, బండ పేరు, తేనెపట్టు ఉండే గట్టు పేరు రికార్డు చేయండి. అలాంటి పేర్లు ఏ పటంలోనూ ఉండవు. కలహారి పెద్దల జ్ఞాపకంలోని చోట్లు, నీటి గుంటలు, పాత దారులు వాళ్ల భూమి దావాకు బలమయ్యాయి. 1999 మార్చిలో పార్కు బయట దాదాపు 40,000 హెక్టార్ల పొలాలు వాళ్లకు తిరిగి దక్కాయి. ఒక వాగుకు ఇంటి భాషలో పేరు ఉందంటే, ఆ ఇంటివాళ్లు ఆ నీళ్లు తాగి బతికారని అర్థం.

ఒక నిమిషానికి ఒక గంట

ఈ భాగాన్ని చాలామంది వదిలేస్తారు. రికార్డులు పెన్‌డ్రైవ్‌లో నిండుతాయి, పదేళ్ల తర్వాత విని అర్థం చెప్పేవాళ్లు ఇంట్లో ఉండరు. కాబట్టి రికార్డు చేసిన వారంలోనే దాన్ని తీసుకుని మళ్లీ ఆ పెద్దవాళ్ల దగ్గరికే వెళ్లాలి. రెండు ఫోన్లు కావాలి. ఒక దానిలో పాత రికార్డును ఒక్కో వాక్యం చొప్పున వినిపించి ఆపండి. రెండో ఫోను రికార్డు అవుతూ ఉండాలి. అమ్మ ఆ వాక్యాన్నే మెల్లగా, ముక్కముక్కగా మళ్లీ పలకాలి. తర్వాత తెలుగులో అర్థం చెప్పాలి. అంతే. రాయడం రాకపోయినా ఈ పని జరుగుతుంది, చదువురాని పెద్దవాళ్లు దీన్ని అద్భుతంగా చేస్తారు. ఒక నిమిషం మాటకు ఒక గంట పడుతుందని లెక్క వేసుకుని మొదలుపెట్టండి. మొత్తం చేయలేకపోతే ముఖ్యమైన పది నిమిషాలైనా పూర్తిగా చేయండి.

గొంతు లేకుండా రాత మాత్రమే మిగిలితే ఏమవుతుందో కూడా దక్షిణాఫ్రికాలోనే చూడవచ్చు. 1870లలో కేప్‌టౌన్‌లో విల్‌హెల్మ్ బ్లీక్, లూసీ లాయిడ్ అనే ఇద్దరు క్సామ్ అనే ఇంకో సాన్ భాష మాట్లాడే ఖైదీలను తమ ఇంట్లో ఉంచుకుని వాళ్ల కథలు, జ్ఞాపకాలు రాసుకున్నారు. 1875లో బ్లీక్ చనిపోయిన తర్వాత లాయిడ్ ఏళ్ల తరబడి ఆ పని కొనసాగించింది. నోటు పుస్తకాలు 12,000 పేజీలు దాటాయి. ఆ శ్రమకు చేతులెత్తి మొక్కాలి. క్సామ్ భాష అంతరించింది. 2000 నుంచి దక్షిణాఫ్రికా రాజముద్ర మీది నినాదం ఆ భాషలోనే ఉంది, దాన్ని తల్లి నోట విని నేర్చుకున్నవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు. నూ భాష సంగతి వేరు. అది నూ, నామా, ఆఫ్రికాన్స్, ఇంగ్లీషు నాలుగు భాషల నిఘంటువుగా వచ్చింది, గొంతులూ భద్రంగా ఉన్నాయి.

మీరు రాయదలిస్తే తెలుగు లిపిలోనే రాయండి. మన లిపిలో లేని ధ్వని వస్తే అక్షరం కింద చుక్కో, గీతో పెట్టుకుని, ఆ గుర్తు అర్థం నోటు పుస్తకం మొదటి పేజీలో రాయండి. ఇంట్లో అందరూ ఒకే గుర్తు వాడాలి. ఏ గుర్తు అన్నది పెద్ద విషయం కాదు.

అటక మీది క్యాసెట్లు

మీ ఇంట్లో ఇప్పుడు మాట్లాడేవాళ్లు ఒక్కరే ఉన్నా, పాత క్యాసెట్లలో ఇంకొకరు ఉండవచ్చు. 1985 నుంచి 2000 దాకా పెళ్లిళ్లకు, పురుళ్లకు, దినాలకు టేప్ రికార్డర్ పెట్టని ఇల్లు మా వైపు తక్కువ. సినిమా పాటల క్యాసెట్ల మధ్య చూడండి, పాటల మీదే ఇంటి మాటలు రికార్డు చేసి ఉంటారు.

తెల్లని బూజు కనిపిస్తే ఆడించకండి. బూజు మెషీన్‌కు అంటుకుని తర్వాతి క్యాసెట్లను కూడా చెడగొడుతుంది. శుభ్రంగా ఉన్నదాన్ని మొదట చివరిదాకా ముందుకు, మళ్లీ వెనక్కి తిప్పితే అంటుకున్న చుట్లు విడిపోతాయి. 90 నిమిషాల క్యాసెట్ టేపు 60 నిమిషాల దానికన్నా పలుచన, తెగే భయం ఎక్కువ, కాబట్టి తొందర పెట్టకండి. ప్లేయర్ హెడ్‌ను, రబ్బరు చక్రాన్ని స్పిరిట్ అద్దిన దూదితో తుడవండి. వైరును ఇయర్‌ఫోన్ రంధ్రం నుంచి కంప్యూటర్‌లోకి కలిపి మొదటిసారే రికార్డు చేయండి, విని చూద్దామని ఆడించి వృథా చేయకండి. లోపలి నొక్కుడు స్పాంజి ఊడిపోతే టేపును అదే రకం మంచి పెట్టెలోకి మార్చవచ్చు. స్క్రూలున్న పెట్టెలకు ఇది ఇంటి దగ్గరే కుదురుతుంది. అతికించిన పెట్టె అయితే పాత రేడియో మెకానిక్‌కు ఇవ్వండి. అలాంటివాళ్లు నల్లగొండలో, మహబూబ్‌నగర్‌లో ఇంకా ఉన్నారు.

పిల్లలు

రికార్డు దాస్తుంది, పిల్లలు మాట్లాడతారు. కత్రీనా ఎసౌ అపింగ్టన్‌లోని రోజ్‌డేల్‌లో తన ఇంటి దగ్గరే పేట పిల్లలను పోగుచేసి బడి మొదలుపెట్టారు. ఆమెకు చదవడం, రాయడం రాదు. పలకరింపులు, జంతువుల బొమ్మలు, శరీర భాగాలు, పాటలు, ఆటలు ఇవే పాఠాలు. షీనా షా, మథియాస్ బ్రెంజింగర్ అనే భాషావేత్తలు ఆమెతో కలిసి 2016లో బొమ్మల వాచకం తెచ్చారు. మనవరాలు క్లాడియా స్నైమన్ పక్కన నిలబడింది. తాబేలు, ఉష్ట్రపక్షి కథ 2021లో పిల్లల పుస్తకంగా వచ్చింది. 2014లో దేశం ఆమెకు బావోబాబ్ పురస్కారం ఇచ్చి గౌరవించింది. ఎనభై ఏళ్ల వయసులో ఆ పని చేసిన మనిషిని తలచుకుంటే మనకు సాకులు మిగలవు.

ఇంట్లో చేయవలసింది ఇంతే. రోజులో ఒక పనిని ఎంచుకోండి, ఉదాహరణకు రాత్రి అన్నం వడ్డించడం. ఆ పని జరిగినంతసేపూ అవ్వ తన భాషలోనే మాట్లాడాలి. మనవడు తెలుగులో జవాబిచ్చినా తప్పు పట్టకండి. అర్థమైతే కంచం జరుపుతాడు, నీళ్లు తెస్తాడు. నోరు తర్వాత తిరుగుతుంది. అతని ఉచ్చారణ చూసి చుట్టాలు నవ్వితే మీరు అడ్డం నిలబడండి. నవ్వితే ఆ పిల్లవాడు జీవితాంతం నోరు మెదపడు.

దాచడం

రికార్డు పేరులో తేదీ, ఊరు, ఇద్దరి పేర్లు తప్పకుండా ఉండాలి. మూడు ప్రతులు చేయండి. ఒకటి కంప్యూటర్‌లో, ఒకటి విడి హార్డ్ డిస్క్‌లో, మూడోది వేరే ఊళ్లోని బంధువు దగ్గర. ఒకే ఇంట్లో మూడు ప్రతులు ఉంటే పిడుగుకో, వరదకో ఒక్కసారే పోతాయి. ప్రతి ఉగాదికి తెరిచి వినండి, చెడిన దాన్ని మంచిదానితో మార్చండి. మాట్లాడిన పెద్దలకు కూడా ఒక ప్రతి వాళ్ల పిల్లల ఫోన్లలో ఇవ్వండి. కొట్లాటలు, ఆస్తి మాటలు ఉన్నవి ఇంటర్నెట్‌లో పెట్టకండి. పాట, కథ, బుట్ట అల్లడం లాంటివి వాళ్లు ఒప్పుకుంటేనే పెట్టండి.

ఒక్కరే మిగిలితే

చిన్నమ్మ పోయిన ఏడాది చనిపోయింది. అమ్మ ఇప్పుడు ఒక్కతే. ఇలాంటి ఇళ్లకు నేను చెప్పే పద్ధతి ఇది. పోయినవాళ్ల పాత రికార్డును వినిపించి, మధ్యలో ఆపి, బతికి ఉన్న మనిషిని జవాబివ్వనివ్వండి. మా అమ్మ చిన్నమ్మ గొంతుకు జవాబిస్తుంది, ఆనాటి తగాదాను కొనసాగిస్తుంది, కొన్నిచోట్ల తిడుతుంది. ఆ జవాబులను కొత్త రికార్డుగా దాస్తున్నాను. మొదట దుఃఖం వస్తుంది కాబట్టి ముందే అడిగి, ఆమె సరే అన్న రోజునే చేయాలి. ఐదు నిమిషాలకు మించవద్దు. ఆమె పక్కన పిల్లల్లో ఒకరిని కూర్చోబెట్టి, ఆపే బటన్, మళ్లీ మొదలుపెట్టే బటన్ ఆ పిల్లవాడి చేతికి ఇవ్వండి. ఎక్కడ ఆపాలో తెలియాలంటే వాడు వాక్యం ఎక్కడ ముగిసిందో వినక తప్పదు.